‘ఏం జూసి?’ అన్న ప్రశ్న, ‘మథోన్’ అన్న గ్రీకు మాట

క్రీ.పూ. 423లో ఏథెన్స్ నగరంలో ఆడిన అరిస్టోఫనీస్ హాస్యనాటకం ‘మేఘాలు’లో సోక్రటీస్ పాత్ర ఒకచోట పిడుగుల గురించి వాదిస్తుంది. దొంగ ప్రమాణాలు చేసేవాళ్ళ మీద జ్యూస్ దేవుడు పిడుగు వేస్తాడని స్ట్రెప్సియాడిస్ అనే పల్లెటూరి రైతు నమ్మకం. అదే నిజమైతే ఊళ్ళో పేరుమోసిన దొంగ ప్రమాణాల వాళ్ళంతా ఇంకా ఎలా తిరుగుతున్నారని సోక్రటీస్ అడుగుతాడు. పోనీ వాళ్ళను వదిలేశాడనుకుందాం, తన గుడి మీదే ఎందుకు వేసుకుంటాడు, సూనియం కొండకొమ్మును, పెద్ద పెద్ద సిందూర వృక్షాలను ఎందుకు కొడతాడు? సరిగ్గా ఇక్కడ గ్రీకులో రెండే రెండు మాటలు పడతాయి: తీ మథోన్. ‘తీ’ అంటే ఏమి. ‘మథోన్’ అంటే నేర్చి, తెలుసుకొని. చెట్టు దొంగ ప్రమాణం చేయదు కదా అన్న మాట ఆ వెంటే వస్తుంది.

‘ఏమి నేర్చి’ అని దేవుణ్ణి అడగడమేమిటి? ఈ ప్రశ్న మీద రెండు వందల ఏళ్ళకు పైగా యూరప్ పండితులు రాస్తూనే ఉన్నారు. చాలా పాఠ్యపుస్తకాలు ‘ఎందుకు అని అర్థం’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. అలా తేల్చడంలో పోయేది చాలా ఉందని నా అభిప్రాయం. ఆ పోయేదాన్ని పట్టుకోవడానికి ఇంగ్లిష్ కంటే తెలుగు, అందులోనూ మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల వైపు ఇళ్ళల్లో వినిపించే తెలుగు ఎక్కువ పనికొస్తుంది. అందుకే ఈ సమీక్ష.

ముందు మాట రూపం చూద్దాం. ధాతువు ‘మన్థానో’. నేర్చుకోవడం, అర్థం చేసుకోవడం రెండూ దీని అర్థాలే. శిష్యుడికి గ్రీకులో ‘మథీతీస్’ అన్న పేరు దీన్నుంచే వచ్చింది. నేర్చుకోదగినది ‘మాథీమా’, గణితానికి యూరప్ భాషల్లో ఉన్న పేరు అక్కడి నుంచే పుట్టింది. ఈ మాటల నడుమ ఉన్న గ్రీకు అక్షరానికి ప్రాచీన కాలంలో మన ‘థ’ ఉచ్చారణే ఉండేది. కాబట్టి తెలుగు లిపిలో ‘మథోన్’ అని రాస్తే ఏథెన్స్ వాడి నోటికి దగ్గరగానే రాసినట్టు.

ఈ ధాతువుకు గ్రీకులో మూడు ముఖ్యమైన అసమాపక రూపాలున్నాయి. ‘మన్థానోన్’ అంటే నేర్చుకుంటూ, మన వ్యాకరణంలో శత్రర్థకం. ‘మథోన్’ అంటే నేర్చి, మన క్త్వార్థకం. ‘మెమథీకోస్’ అంటే నేర్చుకొని ఆ చదువు ఇంకా తనలో నిలిచి ఉన్నవాడు. దీనికి తెలుగులో సరైన ఏకపద రూపం లేదు, ‘చదువుకున్న’ అన్న ధాతుజ విశేషణంతో నెట్టుకొస్తాం. పదో తరగతి తెలుగు పరీక్ష రాసిన ఎవరికైనా ఈ పేర్లు గుర్తుంటాయి. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణం నుంచి ఇవి మనకు స్థిరపడ్డాయి. పేర్లు మాత్రం సంస్కృతానివి. పాణిని ‘క్త్వా’ ప్రత్యయానికి రెండు షరతులు పెట్టాడు: రెండు పనులకూ కర్త ఒక్కరే కావాలి, క్త్వా చేరిన పని ముందు జరిగి ఉండాలి. మెట్‌పల్లికి పోయి, పసుపు అమ్మి, బస్సెక్కి వచ్చిండు అన్నప్పుడు ఆ రెండు షరతులూ నెరవేరుతున్నాయి. ‘తీ మథోన్’ నుడికారంలోనూ నెరవేరుతున్నాయి. నేర్చినవాడే పని చేసినవాడు, నేర్చుకోవడం ముందు, చేయడం తర్వాత.

తేడా ఒక్కటే. మన ‘నేర్చి’ ఎవరికైనా మారదు. గ్రీకు రూపం లింగ వచన విభక్తులను బట్టి మారుతుంది. మగవాడైతే మథోన్, ఆడమనిషైతే మథూసా, మగవాళ్ళు పదిమందైతే మథోన్తెస్. ఎవరు నేర్చారో ఆ మాట చివరే చెప్పేస్తుంది.

ఇక ‘తీ మథోన్’కు ఒక తోబుట్టువు ఉంది: ‘తీ పథోన్’. ‘పథోన్’ అంటే అనుభవించి, ఏదో ఒకటి తన మీద పడి. ఒక్క అక్షరం తేడా, మ, ప. ఈ రెంటినీ కలిపే చూడాలి. గుడ్విన్ 1860లో మొదట వేసి 1889లో మళ్ళీ పూర్తిగా రాసిన గ్రీకు క్రియల పుస్తకంలోనూ, స్మిత్ 1920 నాటి వ్యాకరణంలోనూ ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి. రెండూ మందలింపుతో కూడిన ‘ఎందుకు’ అనీ, మొదటిది మనిషి బుద్ధిలో పుట్టిన కారణాన్ని, రెండోది బయటి నుంచి వచ్చి పడిన కారణాన్ని అడుగుతుందనీ వాళ్ళు చెప్పారు. అంతటితో ఆపేశారు. విద్యార్థులు ఆ విభజనను బట్టీపట్టి, అనువాదంలో మాత్రం రెండుచోట్లా ‘ఎందుకు’ అనే రాసేస్తారు.

వాళ్ళకు వేరే దారి లేదు, ఎందుకంటే ఇంగ్లిష్ వాక్యానికి ఈ బిగింపు కుదరదు. ‘తీ మథోన్’లో ప్రశ్నపదం అసమాపక క్రియకు కర్మ. ‘ఏమి’ అన్నది ‘నేర్చి’కి చెందుతుంది, ప్రధాన క్రియకు కాదు. ఇంగ్లిష్‌లో ఆ ప్రశ్నను రెండు వాక్యాలుగా విడగొట్టాలి, లేదా ‘ఎందుకు’గా కుదించాలి. తెలుగులో ఆ బాధ లేదు. ‘ఏం తిని వచ్చావు’, ‘ఎవర్ని అడిగి తీశావు’, ‘ఏం చూసుకుని ఎగురుతున్నావు’ అన్న వాక్యాలు ఐదేళ్ళ పిల్లలూ పలుకుతారు. ప్రశ్నపదం అసమాపక క్రియలో దూరి కూర్చోవడం మనకు సహజం.

మెట్‌పల్లి మార్కెట్ యార్డులో పసుపు వచ్చే రోజుల్లో ఒక తండ్రీకొడుకుల మధ్య జరిగే మాటలు తీసుకుందాం. అరచేతులకు, చొక్కా అంచులకు పసుపు అంటుకొని ఉంటుంది. తండ్రి చాయ తాగి వచ్చేలోపు కొడుకు ధరకు ఒప్పేసుకున్నాడు. తండ్రి అడిగేది ‘ఎందుకు ఒప్పుకున్నవ్’ అని కాదు.

“ఏం జూసి ఒప్పుకున్నవ్‌రా?”

“జూసేదేమున్నది బాపూ, పక్క కుప్పకు గూడ గదే ధర పెట్టిండ్రు.”

“గా కుప్పల కొమ్మెంతున్నది, గోళెంతున్నది జూసినవా?”

కొమ్ము, గోళ అంటే పసుపులో రెండు రకాలు. కొడుకు నీళ్ళు నమిలాడు. ‘ఏం జూసి’ అన్న ప్రశ్నకు జవాబుంది, ఆ జవాబు ‘చూసిన’ విషయమే కావాలి. తండ్రి కొడుకును తెలివిలేని వాడనలేదు. ఏదో లెక్క వేసుకునే చేసి ఉంటావు, ఆ లెక్క నా ముందు పెట్టు అంటున్నాడు. ఆ లెక్క తప్పని తనకు ముందే తెలుసు. మందలింపు పదును అక్కడుంది.

ఇదే కొడుకు కొమ్మూ గోళా ఒక్కచోట కలిపి పోసి ఉంటే తండ్రి నోట వచ్చే ప్రశ్న వేరు: “ఏమైందిరా నీకు?” ఈ ప్రశ్నకు లెక్క జవాబు కాదు. నిద్ర లేదనో, మతి తప్పిందనో, ఎవరో పిలిస్తే తొందరపడ్డాననో చెప్పుకోవాలి. మొదటిది ‘తీ మథోన్’. రెండోది ‘తీ పథోన్’. ఊళ్ళో పెద్దమనుషుల ముందుకు తగువు వచ్చినప్పుడు కూడా ముందుగా తేల్చేది ఇదే కదా, తెలిసి చేసినవా, తెల్వక చేసినవా అని. జరిమానా ఎంతన్నది ఆ తర్వాతి సంగతి. ‘తెలిసి’ క్త్వార్థకం, ‘తెల్వక’ దాని వ్యతిరేక రూపం. ఒక మనిషి చేసిన పనికి బాధ్యత ఎంతో కొలవడానికి మన భాష ఈ రెండు అసమాపక రూపాలను కొలబద్దలుగా పెట్టుకుంది.

ఒక మాట ఒప్పుకోవాలి. మన వైపు ‘ఏం నేర్చి చేసినవ్’ అని ఎవరూ అనరు. నేర్చుకోవడం గురించే అడగాలంటే ‘గీ బుద్ధులు ఎవలు నేర్పిండ్రు’ అని సమాపక క్రియతో అడుగుతారు. క్త్వార్థకంతో అడిగేటప్పుడు ‘ఏం జూసి’, ‘ఏం తెల్సి’, ‘ఏమనుకొని’ అంటారు. గ్రీకువాడు నేర్చుకోవడం మీద పెట్టిన బరువును మనం చూపు మీద, ఎరుక మీద పెట్టాం. వాక్యం కట్టుబడి, మందలింపు తీరు మాత్రం ఒక్కటే.

ఈ రెండు నుడికారాలకూ నిజంగా తేడా ఉందా, లేక పండితులు కల్పించిందా అన్న సందేహం ఒకటుంది. లేఖకులు అక్షరం తారుమారు చేశారేమోనని ‘మథోన్’ ఉన్నచోట ‘పథోన్’ అని దిద్దాలని చూసిన సంపాదకులు కూడా ఉన్నారు. దీనికి జవాబు ‘మేఘాలు’లోనే దొరుకుతుందని నాకనిపిస్తుంది. వేదిక మీదికి మేఘాలు ఆడవాళ్ళ రూపంలో వస్తాయి. స్ట్రెప్సియాడిస్ ఆశ్చర్యపడి, ఇవి నిజంగా మేఘాలే అయితే ఏమై ఇలా ఆడవాళ్ళలా కనిపిస్తున్నాయని అడుగుతాడు. అక్కడి మాట ‘తీ పథూసై’, పథోన్‌కు స్త్రీలింగ బహువచనం. వాటి మీద ఏదో వచ్చి పడిందని అతని ఊహ. సోక్రటీస్ ఆ ఊహనే సరిదిద్దుతాడు. మేఘాలు తమకు ఇష్టమైన రూపం ధరిస్తాయంటాడు. దోచుకుతినే సైమన్‌ను చూస్తే తోడేళ్ళవుతాయి, పిరికి క్లియోనిమస్‌ను చూస్తే జింకలవుతాయి, ఇప్పుడు ప్రేక్షకుల్లో ఆడంగితనానికి పేరుపడిన క్లైస్థెనీస్‌ను చూశాయి కాబట్టి ఆడవాళ్ళయ్యాయి. అంటే ‘ఏమైంది వీటికి’ అని అడిగితే ‘ఏమీ కాలేదు, ఫలానావాణ్ణి చూసి అయ్యాయి’ అని జవాబు. ప్రశ్న పథోన్ కోవలోది, జవాబు మథోన్ కోవలోది. రెండింటి మధ్య గీత చెరిగిపోయి ఉంటే ఈ సంభాషణలో మలుపే ఉండదు. ‘తీ పథూసై’ నుంచి అరవై పైచిలుకు పాదాల తర్వాత పిడుగు ప్రస్తావనలో ‘తీ మథోన్’ వస్తుంది. ఒకే నాటకంలో అరిస్టోఫనీస్ రెండూ వాడాడు, చోటెరిగి వాడాడు.

నాటకం చివర ఇంకోసారి ‘మథోన్’ బహువచనంలో కనిపిస్తుంది. కొడుకు గుర్రాల మోజుకు చేసిన అప్పులు ఎగ్గొట్టే వాదన నేర్చుకు రమ్మని స్ట్రెప్సియాడిస్ కొడుకును సోక్రటీస్ బడికి పంపుతాడు. కొడుకు నేర్చుకుని వచ్చి తండ్రినే కొట్టి, కొట్టడం న్యాయమేనని వాదించి గెలుస్తాడు. చదవేస్తే ఉన్న మతి పోయిందని మన సామెత. తండ్రి ఆ బడికి నిప్పు పెడతాడు. మంటల్లో అరుస్తున్న వాళ్ళను చూసి దేవుళ్ళను అవమానించడానికి మీరు ఏమి నేర్చి పూనుకున్నారని అడిగే వాక్యంలో ‘మథోన్తెస్’ ఉంది. ఇక్కడ దాన్ని ‘ఎందుకు’ అని అనువదిస్తే వాక్యం ప్రాణం పోతుంది. వినేవాళ్ళు బడి మనుషులు. వాళ్ళ వృత్తే నేర్చుకోవడం. కాలిపోతున్నది నేర్పే ఇల్లు. నుడికారంలో నిద్రపోతున్న ధాత్వర్థం ఆ మంటలకు లేచి కూర్చుంటుంది.

అందుకే ‘అది వాడి వాడి అరిగిన మాట, లోపలి అర్థం చచ్చిపోయింది’ అనే వాళ్ళతో నేను ఏకీభవించలేను. నుడికారాలు అరుగుతాయి, నిజమే. ‘ఏం జూసి’ అన్నప్పుడు కళ్ళతో చూడటం ఎవరి మనసులోనూ ఉండదు. కాని తండ్రి వెంటనే ‘కొమ్మెంతున్నది జూసినవా’ అనగలిగాడు. చూడటం అన్న పాత అర్థంతో ఆ మాటకు బంధం తెగలేదు.

ప్లేటో ‘యూథిడీమస్’ ఈ ధాతువుకే కేటాయించిన సంభాషణ అనవచ్చు. ఇద్దరు సోఫిస్టు అన్నదమ్ములు క్లైనియస్ అనే కుర్రవాణ్ణి పట్టుకుని, నేర్చుకునేది తెలిసినవాళ్ళా తెలియనివాళ్ళా అని అడుగుతారు. ఏది చెప్పినా ఓడిస్తారు. తర్వాత సోక్రటీస్ ఆ కుర్రవాణ్ణి ఓదారుస్తూ కిటుకు విప్పుతాడు: ‘మన్థానో’ అనే ఒక్క మాటనే కొత్తగా నేర్చుకునేవాడికీ వాడతారు, ముందే తెలిసి ఇప్పుడు గ్రహించేవాడికీ వాడతారు. తెలుగులో ఈ మోసం సాగదు, నేర్చుకోవడం వేరు, అర్థమవడం వేరు. అదే సంభాషణలో రెండుచోట్ల ‘హోతి మథోన్’ అన్న పలుకుబడి వస్తుంది. ఒకచోట క్టెసిప్పస్ అనే యువకుడు కోపంతో సోఫిస్టును శపిస్తూ, ఏం తెలిసి నా మీద ఇంత అబద్ధమాడుతున్నావో ఆ పాపం నీ నెత్తినే పడాలన్న అర్థంలో వాడతాడు. నేర్చుకోవడం అనే మాట అర్థమేమిటో వాదించుకుంటున్న వాళ్ళ నోట ఆ మాట కోపంలో దొర్లడం ప్లేటో కావాలని చేసిన పనేనని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఈ ‘హోతి’ దగ్గరే అసలు చిక్కు. కలిపి రాస్తే ‘హోతి’, ఎందుకంటే అని అర్థం. విడదీసి ‘హో తి’ అని రాస్తే ‘ఏమిటో’ అని పరోక్ష ప్రశ్న అవుతుంది. ప్రాచీన రాతప్రతుల్లో మాటల మధ్య ఖాళీ ఉండేది కాదు, కాబట్టి కలపాలా విడదీయాలా అన్నది సంపాదకుడి నిర్ణయమే. కలిపితే మథోన్ అర్థం లేని తోకగా మిగిలిపోతుంది. విడదీస్తే ‘ఏమి నేర్చో’ అని ప్రాణంతో నిలుస్తుంది. ప్లేటో సంపాదకుడు బర్నెట్ 1924 నాటి తన వ్యాఖ్యానంలో దీన్ని ‘తీ మథోన్’కు పరోక్ష రూపంగా తీసుకున్నాడు. నాకూ అదే సరైనదనిపిస్తుంది.

క్రీస్తుశకం మొదటి శతాబ్దపు గ్రీకుకు వస్తే, కొత్త నిబంధనలో ఈ మందలింపు కనిపించదు, ధాతువు మాత్రం నిండు అర్థంతో ఉంటుంది. మెట్‌పల్లి ప్రాంతపు చర్చిల్లో తెలుగు బైబిలు చదివేవాళ్ళకు ఈ రూపాలు తెలుగు వేషంలో పరిచయమే. యోహాను సువార్త ఆరో అధ్యాయంలో తండ్రి దగ్గర వినడం, నేర్చుకోవడం అనే రెండు పనులూ గ్రీకులో సమాన హోదాతో ‘మరియు’తో కలిసి ఉంటాయి. తెలుగు అనువాదం మొదటిదాన్ని క్త్వార్థకంగా, రెండోదాన్ని ధాతుజ విశేషణంగా మార్చింది. దాంతో వినడం మెట్టు, నేర్చుకోవడం గమ్యం అయ్యాయి. ఏడో అధ్యాయంలో బడికి పోని మనిషికి ఇంత పాండిత్యం ఎక్కడిదని జనం విస్తుపోయే చోట ‘మెమథీకోస్’ ఉంది, తెలుగులో ‘చదువుకొనని’ అయింది. తిమోతికి రాసిన రెండో లేఖ మూడో అధ్యాయంలోని ‘మన్థానోన్తా’ ఎప్పుడూ నేర్చుకుంటూనే ఉండి సత్యం అందుకోలేని వాళ్ళ గురించిన మాట. గ్రీకులో ఊరికే ‘నేర్చుకుంటూ’ అని ఉంది. తెలుగు దాన్ని ‘నేర్చుకుంటున్నా సరే’ అనే అప్యర్థకంలోకి తెచ్చింది. గ్రీకు పాఠకుడి ఊహకు వదిలిన ‘అయినా’ను తెలుగు పైకి చెప్పింది. నష్టమేమీ లేదు, చెవికి నిండుగా ఉంది.

చివరగా, ఈ మాట గురించి పండితులు ఎక్కువగా పెనుగులాడిన వాక్యం ఒకటుంది. క్రీ.పూ. 399లో సోక్రటీస్ మీద విచారణ జరిగింది. నేరం రుజువైనట్టు ఓట్లు పడ్డాయి. ముప్ఫై ఓట్లు అటునుంచి ఇటు మారి ఉంటే బయటపడేవాణ్ణని ఆయనే అంటాడు. ఏథెన్స్ పద్ధతి ప్రకారం ఇప్పుడు ఆయన తనకు తగిన శిక్ష తానే ప్రతిపాదించాలి. ప్లేటో రాసిన ఆ ప్రసంగంలో, స్టెఫనస్ 1578లో అచ్చువేసిన ప్రతి లెక్క ప్రకారం 36వ పుటలో, తాను జీవితంలో ఒకచోట ఊరికే కూర్చోనందుకు ఏం అనుభవించాలి, ఎంత కట్టాలి అని ఆయన అడుగుతాడు. అక్కడే ‘హోతి మథోన్’ ఉంది. అనుభవించడం అన్న మాటకు అక్కడున్నది ‘పథైన్’, పథోన్‌కు పుట్టిల్లు. పథైన్, మథోన్ రెండూ ఒకే వాక్యంలో కొద్ది మాటల ఎడంలో ఉన్నాయి.

జోవెట్ 19వ శతాబ్దంలో దీన్ని ఇంగ్లిష్‌లోకి తెస్తూ, ఖాళీగా ఉండే తెలివి ఎన్నడూ లేని మనిషి అన్నట్టు తిప్పాడు. గ్రీకులో ‘కాదు’ అన్నది ఊరికే కూర్చోవడానికి చెందుతుంది. జోవెట్ దాన్ని జరిపి తెలివికి అంటగట్టాడు. చదవడానికి బాగుంటుంది, మూలంలో లేదు. తర్వాతి వాళ్ళలో చాలామంది ‘ఎందుకంటే’తో సరిపెట్టి మథోన్‌ను వదిలేశారు.

నేనైతే అక్కడ ‘ఏం చూసుకునో’ అని పెడతాను. మెట్‌పల్లిలో ఏ తండ్రయినా కొడుకును అడిగే మాట అది. ఏథెన్స్ పెద్దలు సోక్రటీస్‌ను అడగాలనుకున్న మాట కూడా అదే అయి ఉంటుంది. వాళ్ళు అడగకముందే ఆయన దాన్ని తన నోట పెట్టుకున్నాడు. తాను ఎవరికీ గురువును కానని ఆ ప్రసంగంలోనే చెప్పుకున్న మనిషి, నేర్పి పిల్లల్ని చెడగొట్టాడన్న నేరం మోస్తున్న మనిషి, తన బతుకు గురించి ‘నేర్చి’ అన్న మాట వాడాడు.

అది ప్రాణమున్న ప్రశ్నే అనడానికి ఆ వాక్యంలోనే సాక్ష్యం ఉంది. సోక్రటీస్ తాను వదిలేసినవి వరుసగా చెబుతాడు: డబ్బు సంపాదన, ఇల్లు చక్కబెట్టుకోవడం, సేనాధిపత్యం, సభల్లో ఉపన్యాసాలు, పదవులు, ముఠాలు, కక్షలు. ఆ వెంటనే ఇంకో అసమాపక క్రియ వేస్తాడు, ‘హీగీసామెనోస్’, అనుకొని. వీటిలోకి దిగి బతికి బట్టకట్టలేనంత నిజాయితీ తనకుందని అనుకొని వదిలేశాడట. మథోన్ లాగే అదీ గడిచిన పనిని చెప్పే రూపం, అదే కర్త, అదే విభక్తి. ఏమనుకొని అని అడిగితే, ఇదనుకొని అని జవాబు. మథోన్ ఉత్త తోకే అయితే ఈ జవాబుకు ప్రశ్న ఎక్కడుంది?